ఈ వేసవి సమావేశం హాల్లో వద్దు, బాల్టిక్ ఒడ్డున పెట్టండి

జర్మనీలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, వంటల దగ్గర్నుంచి కుర్చీలు సర్దడం దాకా అన్నీ మీద వేసుకునే వాలంటీర్లకు నమస్కారం.

ఉగాదికి వేపపువ్వు దొరకని ఊళ్లో కూడా మీరు పచ్చడి చేసి పెడుతున్నారు. బతుకమ్మకు ఎక్కడెక్కడి పూలో వెతికి తెస్తున్నారు. కొత్తగా దిగిన కుర్రాడికి గది దొరక్కపోతే నాలుగు ఫోన్లు చేసి ఎవరింట్లోనో సర్దుతున్నారు. ఇదంతా ఆఫీసు పని అయ్యాక, సొంత ఖర్చుతో, ఇంట్లోవాళ్ల చేత మాటలు పడుతూ చేసే పని. ఆ కృతజ్ఞతతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. జులై, ఆగస్టు నెలల్లో ఒక వారాంతం ఎంచుకుని మనవాళ్లను ఉత్తర జర్మనీలోని బాల్టిక్ తీరానికి తీసుకెళ్లండి. రెండు రాత్రులు టెంట్లలో ఉందాం. ఒక సాయంత్రం అక్కడి ష్లేస్విగ్ హోల్‌ష్టైన్ రాష్ట్రంలో ఏటా జరిగే సంగీతోత్సవంలో మంచి ఆర్కెస్ట్రా కచేరీ విందాం.

మన సంఘాల క్యాలెండర్ సంక్రాంతితో మొదలై దీపావళితో ముగుస్తుంది. మధ్యలో వేసవి వచ్చేసరికి అందరూ ఇండియా వెళ్లిపోతారని అనుకుంటాం. కానీ వెళ్లలేనివాళ్లు చాలామంది ఉన్నారు. థీసిస్ గడువు మీద పడ్డ విద్యార్థులు, ఉద్యోగం ఇంకా దొరకనివాళ్లు, టికెట్ ధర చూసి ఈ ఏడాదికి వద్దులే అనుకున్న కుటుంబాలు. 2022-23 శీతాకాల సెమిస్టర్ నుంచి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. 2023-24 నాటికి వాళ్లు 49 వేలు దాటారు. అందులో మన పిల్లలు ఎంతమందో మీ వాట్సాప్ గ్రూపులే చెబుతాయి. వాళ్లకు ఆగస్టు చాలా ఒంటరి నెల. యూనివర్సిటీ ఖాళీ, హాస్టల్ ఖాళీ, పార్ట్‌టైమ్ పని, గది. ఇంకో పక్క, పిల్లల దగ్గరికి తొంభై రోజుల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. వాళ్లు వచ్చేదే వేసవిలో. కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్తే పగలంతా కిటికీ దగ్గర కూర్చుంటారు. పారిస్, స్విట్జర్లాండ్ టూర్ ఒకటి తిప్పేశాక ఇంకేం చూపించాలో ఎవరికీ తోచదు.

ఈ ఇద్దరికీ కలిపి నా దగ్గర ఉన్న జవాబు ఆ తీరం, ఆ సంగీతం. హాంబుర్గ్‌లో ఉంటున్నాను కాబట్టి నాకు అది దగ్గర. అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

ఆ ఉత్సవం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. పియానో కళాకారుడు యుస్టుస్ ఫ్రాంట్స్ 1986లో దాన్ని మొదలుపెట్టారు. జులై మొదట్లో మొదలై ఆగస్టు చివరిదాకా, దాదాపు రెండు వందల కచేరీలు జరుగుతాయి. ఒక ఊరికీ ఒక హాలుకీ కట్టుబడి ఉండదు. లూబెక్, కీల్ లాంటి నగరాల్లో పెద్ద హాళ్లున్నాయి, సరే. వాటితోపాటు పాత జమీందారీ ఎస్టేట్లలో గడ్డి దాచే కొట్టాల్లో, గుర్రపుశాలల్లో, చర్చిల్లో, మూతపడ్డ కర్మాగారాల్లో కూడా కచేరీలు పెడతారు. నొయ్‌ష్టాట్ పట్టణం దగ్గర హాసెల్‌బుర్గ్ ఎస్టేట్‌లో రెల్లు కప్పిన పెద్ద కొట్టం ఉంది. ఒకప్పుడు ధాన్యం, గడ్డి నిలవ చేసిన చోట ఇప్పుడు వయొలిన్లు మోగుతాయి. సముద్రం అక్కడికి కొన్ని కిలోమీటర్లే. రెండ్స్‌బుర్గ్ పక్కన బ్యూడెల్స్‌డోర్ఫ్‌లో 1827లో పుట్టిన ఇనుప పోత కర్మాగారం ఉంది. దాని షెడ్లలో ఒకదాన్ని కచేరీ హాలు చేశారు. ఇలాంటి చోట్లకు వెళ్లడానికి సూటూ బూటూ అక్కర్లేదు. చిన్న దుప్పటి ఉంటే చాలు, కొట్టాల్లో రాత్రి చల్లగా ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా లాగేది మాత్రం ఆ ఉత్సవానికి సొంతంగా ఉన్న కుర్రకారు ఆర్కెస్ట్రా. 1987లో అమెరికన్ సంగీతకారుడు లెనర్డ్ బెర్న్‌స్టీన్ దాన్ని ఏర్పాటు చేశారు. ఆయన కుర్రాడిగా 1940లో అమెరికాలోని టాంగిల్‌వుడ్ వేసవి శిక్షణలో నేర్చుకున్నారు. అలాంటి చోటు ఐరోపాలోనూ ఉండాలని, కీల్‌కు దగ్గర్లోని జాల్ట్‌సౌ అనే పాత భవనంలో ఆ శిక్షణ మొదలుపెట్టారు. 1990లో చనిపోయేముందు చివరి వేసవుల్లో ఆయన కొంత ఈ పిల్లలకే ఇచ్చారు. ఇప్పుడు ఆ శిక్షణ రెండ్స్‌బుర్గ్‌లో జరుగుతోంది. ప్రపంచమంతా తిరిగి ఆడిషన్లు పెడతారు. ఎంపికైనవాళ్లెవరికీ 26 ఏళ్లు దాటవు. ఒకరి భాష ఒకరికి రాని పిల్లలు ఒకేచోట ఉండి, ఒకేచోట తిని, పగలంతా సాధన చేసి, వారం రోజుల్లో ఒక సింఫనీని, అంటే ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించే పెద్ద రచనను, నిలబెడతారు. మన మాస్టర్స్ విద్యార్థుల వయసే వాళ్లది. దేశం కాని దేశంలో ఉండటం, ఇంటి మీద బెంగ, రేపు ఉద్యోగం దొరుకుతుందా అన్న టెన్షన్, అన్నీ వాళ్లకూ ఉన్నవే. వేదిక మీద వాళ్లనూ కింద మన పిల్లలనూ ఒకే కప్పు కింద చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

ఆ ఆర్కెస్ట్రాను 2004 నుంచి చాలాకాలం నడిపించినది క్రిస్టోఫ్ ఎషెన్‌బాఖ్. 1940లో పుట్టారు. తల్లి పురిట్లోనే పోయింది, తండ్రి యుద్ధంలో పోయాడు, పెంచిన అవ్వ శరణార్థి శిబిరంలో పోయింది. ఆ పిల్లాడికి దాదాపు ఏడాదిపాటు నోట మాట రాలేదు. తర్వాత పెంచుకున్న బంధువు పియానో వాయించేది. నువ్వూ వాయిస్తావా అని అడిగితే ‘అవును’ అన్నాడట, ఆ ఏడాది తర్వాత అతని నోట వచ్చిన మొదటి మాట అదే. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. సంగీతం తీరిక ఉన్నవాళ్ల వ్యవహారమనీ ఒంటరితనంతో బాధపడుతున్న పిల్లలకు ముందు వేరే అవసరాలున్నాయనీ ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఈయనే.

‘అది మనది కాదు కదా’ అంటారు కొందరు. కార్యవర్గ సమావేశాల్లో ఈ మాట నేను విన్నాను. దీనికి మాత్రం గట్టిగానే జవాబు చెప్పాలి. వయొలిన్ మనకు ఐరోపా నుంచే వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెడితే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పి, 1936లో దానికే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ నాలుగు తీగల పెట్టె లేకుండా ఇవాళ మన గాత్ర కచేరీ లేదు. ఇక మన సినిమా పాటలు. మద్రాసు స్టూడియోల్లో వరసలు వరసలుగా కూర్చున్న వయొలిన్లు, మధ్యలో ఫ్లూటు, వెనక చెల్లోలు. మన అమ్మానాన్నలు రేడియోలో విన్న పాటల సగం అందం ఆ తీగలదే. తెలుగువాడి చెవికి ఆర్కెస్ట్రా ఎప్పట్నుంచో తెలుసు. ఎదురుగా కూర్చుని వినే అవకాశం మాత్రమే రాలేదు.

ఎదురుగా వినడం వేరు అని ఎందుకంటున్నానంటే, అక్కడ మైకు ఉండదు. స్పీకర్లు ఉండవు. మా అత్తగారు రాజమండ్రిలో పిల్లలకు గాత్రం నేర్పుతారు. ఆవిడ వచ్చినప్పుడు ఇలాంటి ఒక కొట్టంలో కచేరీకి తీసుకెళ్లాం. కూర్చున్న దగ్గర్నుంచి వేదిక మీద మైకుల కోసం వెతుకుతూనే ఉన్నారు. ముందు ఓబో అనే వాద్యం ఒక్క స్వరం పట్టింది. దాన్ని అందుకుని మిగతావాళ్లంతా శ్రుతి చేసుకున్నారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది, శ్రుతి కలపడం ఏ దేశంలోనైనా ఒకటే కాబట్టి. తర్వాత వయొలిన్ల వరస మొత్తం ఒక్కసారిగా కమాను ఎత్తింది. అందరి కమానులూ ఒకే దిక్కుకు కదులుతున్నాయని ముందుగా ఆవిడే కనిపెట్టారు. ఏ స్వరానికి కమాను పైకి, ఏ స్వరానికి కిందికి అన్నది మొదటి వయొలిన్ నాయకులు ముందే నిర్ణయించి అందరి పుస్తకాల్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టిస్తారు. విరామంలో ఆవిడ అడిగారు: ‘ఇంతమందిలో ఒక్కరూ తన గొంతు పైకి రావాలని చూడరా?’ సమాధానం చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు.

మన సభల్లో స్పీకర్ల మోత ఎంతుంటుందో మీకు తెలుసు. పక్కవాళ్లతో మాట్లాడాలంటే బయటికి వెళ్లాలి. పసిపిల్లలు చెవులు మూసుకుంటారు. ఒక వేసవి సమావేశంలో ముఖ్య అతిథుల ప్రసంగాలు అయ్యేసరికే భోజనాల వేళ దాటిపోయింది, ఆ తర్వాత డీజే. కొత్తగా వచ్చిన విద్యార్థులు గోడవారగా నిలబడి, తిని, ఎవరితోనూ పరిచయం కాకుండానే వెళ్లిపోయారు. అది ఏ సంఘమో చెప్పను. తప్పు ఒకరిది కాదు, అందరం అలాగే చేస్తున్నాం. కచేరీలో అయితే పక్కపక్కన కూర్చుని గంటన్నర నిశ్శబ్దంగా ఒకే దాన్ని వింటాం. ఆ తర్వాత టెంటు దగ్గరికి తిరిగొచ్చి టీ పెట్టుకుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. మొహమాటపడే పిల్లలకు ఇది చాలా సుళువైన దారి.

హోటల్ తీసుకుంటే పోదా అంటారేమో. ఆ తీరంలో జులైలో హోటల్ గది విద్యార్థికి అందదు. టెంటు వేసుకునే చోటు అందుతుంది. డబ్బు సంగతి పక్కన పెట్టినా, హోటల్లో అయితే ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకుంటాం. టెంట్లు వేసుకుంటే మేకులు కొట్టడానికి ఒకరు, తాడు పట్టుకోవడానికి ఒకరు కావాలి. పొద్దున్నే గిన్నెలు కడిగే చోట పక్క టెంటు జర్మన్ పెద్దావిడ పలకరిస్తుంది. జులై మొదట్లో ఆ తీరాన సూర్యుడు రాత్రి పది గంటల ముందు గానీ అస్తమించడు. కచేరీ అయి బయటికొచ్చేసరికి ఆకాశంలో ఇంకా వెలుతురు ఉంటుంది. ఇసుకలో గాలికి అడ్డంగా అల్లిన బుట్ట కుర్చీలుంటాయి, 1882లో రోష్టాక్‌లో ఒక బుట్టలల్లే ఆయన మొదటిసారి అల్లాడు. వాటిలో మన పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుంటే లేపడం కష్టం. భీమిలిలోనో చీరాలలోనో పెరిగినవాళ్లకు ఈ సముద్రం కొంచెం వింతగా తోస్తుంది. పోటూ పాటూ దాదాపు కనిపించవు, నీళ్లు అంత ఉప్పగా ఉండవు, మామూలు రోజుల్లో అలలు చిన్నవి.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పి తీరాలి. క్యాంప్‌సైట్ పిక్నిక్ స్పాట్ కాదని ముందే అందరికీ తెలియజేయండి. చాలా చోట్ల రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు దాకా నిశ్శబ్ద వేళ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కూడా చాలా చోట్ల పాటిస్తారు. పదికి గేటు మూసేస్తారు, కారు లోపలికి రానివ్వరు. కచేరీ నుంచి తిరిగొచ్చేది పది దాటాకే కాబట్టి కారు బయట ఎక్కడ పెట్టాలో బుకింగ్ అప్పుడే అడిగి ఉంచుకోవాలి. ఒకచోట మనవాళ్ల గుంపు అర్ధరాత్రి దాకా బ్లూటూత్ స్పీకర్ పెట్టి పాటలు మోగిస్తుంటే పొద్దున్నే ఖాళీ చేయించారు. ఆ తర్వాత అక్కడికి వెళ్లిన ఇంకో తెలుగు కుటుంబం కూడా అనుమానపు చూపులు భరించాల్సి వచ్చింది. మన పేరు మీద వెళ్తున్నప్పుడు తర్వాత వచ్చేవాళ్ల గౌరవం కూడా మన చేతిలోనే ఉంటుంది. స్పీకర్లు ఇంట్లోనే వదిలేసి రమ్మనండి.

ఇసుక దిబ్బల మీద, కట్టల మీద టెంట్ వేయకూడదు. బీచ్‌లో మంట పెట్టకూడదు. తీరంలో గాలి ఒక్కోసారి గట్టిగా వీస్తుంది, మామూలు మేకులు ఇసుకలో నిలవవు, పొడుగు మేకులు కావాలి. ఆగస్టులో తెల్లవారేసరికి టెంటు మీద మంచు నీళ్లు కారుతుంటాయి. పెద్దవాళ్లు వస్తే కింద మందపాటి పరుపు, మంచి స్లీపింగ్ బ్యాగ్ తప్పనిసరి. వాళ్లు నేల మీద పడుకోలేరంటే చిన్న చెక్క గదులు అద్దెకిచ్చే క్యాంప్‌సైట్లు చూడండి. వంట సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. పులిహోర, చపాతీలు, ఆవకాయ, పెరుగు ఉంటే మొదటి రోజు గడిచిపోతుంది. టెంటు లోపల స్టవ్ మాత్రం ఎవరినీ వెలిగించనివ్వకండి. చాలా తీరపు ఊళ్లలో ప్రతి మనిషికీ రోజుకు కొన్ని యూరోల తీర పన్ను ఉంటుంది, దాన్ని లెక్కలో వేసుకోండి.

నీళ్ల గురించి విడిగా రాస్తున్నాను, ఇందులో మొహమాటం పనికిరాదు. విదేశాల్లో చెరువుల్లో, జలపాతాల్లో, సముద్రాల్లో మన పిల్లలు మునిగిపోయారన్న వార్తలు ఏటా చదువుతున్నాం. ఆ శవాలను ఇంటికి పంపడానికి చందాలు వసూలు చేసేది మళ్లీ మీరే. మన పిల్లల్లో చాలామందికి ఈత రాదు. రాదని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గు. బాల్టిక్ నీళ్లు మండు వేసవిలో కూడా పదిహేడు, ఇరవై డిగ్రీల మధ్య ఉంటాయి. ఒక్కసారిగా దూకితే ఊపిరి అందదు. అలలు చిన్నవని మోసపోకూడదు, ఒడ్డు నుంచి లోపలికి గాలి వీచే రోజున గాలి పరుపు మీద పడుకున్న మనిషి చూస్తుండగానే దూరమైపోతాడు. 1912లో ఇదే బాల్టిక్‌లో ఉన్న ర్యూగెన్ ద్వీపంలోని బిన్స్ దగ్గర జెట్టీ కూలి జనం మునిగిపోయారు. ఒడ్డున అంతమంది ఉన్నా ఈత వచ్చినవాళ్లు, కాపాడటం తెలిసినవాళ్లు లేకపోయారు. ఆ దుఃఖంలోంచే మరుసటి ఏడాది డీఎల్ఆర్‌జీ అనే ప్రాణరక్షక సంఘం పుట్టింది. ఇవాళ ఆ తీరమంతా దాని వాలంటీర్లు కాపలా కాస్తుంటారు. ఎరుపు, పసుపు కలిసిన జెండా ఎగురుతుంటే అక్కడ కాపలా ఉన్నట్టు. దాంతోపాటు పసుపు జెండా కూడా ఉంటే ఈత బాగా రానివాళ్లు దిగకూడదు. ఎర్ర జెండా అంటే ఎవరూ దిగకూడదు. ఈ మూడూ బయలుదేరేముందే అందరికీ తెలుగులో చెప్పండి. బీర్ తాగినవాళ్లు నీళ్లలోకి వెళ్లకూడదన్న నియమం మీరే పెట్టండి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకూడదు. ఇంకా మేలు ఏమిటంటే, ఏప్రిల్, మే నెలల్లో మీ ఊరి ఈత కొలనులో విద్యార్థులకు ఈత తరగతులు ఏర్పాటు చేయడం. ప్రయాణానికి ముందు సంఘం చేయగలిగిన మంచి పనుల్లో ఇది మొదటిది.

చోటు ఎంపిక కష్టమేం కాదు. కారు లేనివాళ్లు ఎక్కువ ఉంటే లూబెక్ వైపు వెళ్లండి. జర్మనీ టికెట్ (ప్రాంతీయ రైళ్లకు, బస్సులకు చెల్లే నెలవారీ పాస్) ఉన్నవాళ్లకు హాంబుర్గ్ నుంచి లూబెక్ దాకా ప్రాంతీయ రైలులో ముప్పావుగంట, అక్కడి నుంచి ట్రావెమ్యుండె తీరానికి ఇంకో చిన్న రైలు. స్టేషన్ దిగితే సముద్రం నడక దూరం. కచేరీ లూబెక్‌లో, మకాం తీరంలో. చివరి రైలు ఎప్పుడో మాత్రం చూసుకోవాలి, విరామం తర్వాతి భాగం వదిలేసి పరుగెత్తడం చాలా బాధగా ఉంటుంది. కార్లు ఉంటే నొయ్‌ష్టాట్ తీరంలో దిగి, హాసెల్‌బుర్గ్ కొట్టానికి వెళ్లొచ్చు. ఫేమార్న్ ద్వీపంలో క్యాంప్‌సైట్లు చాలా ఉన్నాయి, కానీ సొరంగం పనుల కోసం ఆ రైలు మార్గం 2022 ఆగస్టు చివర్లో మూసేశారు, బస్సు మీద ఆధారపడాలి. కుర్రకారు ఆర్కెస్ట్రానే వినాలనుకుంటే ఎకెర్న్‌ఫ్యోర్డె తీరంలో ఉండి రెండ్స్‌బుర్గ్ వైపు వెళ్లడం మంచిది. చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఎస్టేట్లలో జరిగే పగటి ఉత్సవాలున్నాయి. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని, తెచ్చుకున్నది తింటూ, ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి తిరగొచ్చు. పిల్లలు ఏడిస్తే లేచి వెళ్లడానికి ఇబ్బంది ఉండదు.

మొదటిసారికి ఏం వినాలని అడిగితే, దొరికితే బ్రామ్స్ మొదటి సింఫనీ అంటాను. స్వరకర్త బ్రామ్స్ 1833లో హాంబుర్గ్‌లో పుట్టాడు. వాళ్ల నాన్న ష్లేస్విగ్ హోల్‌ష్టైన్‌లోని హైడె నుంచి పొట్ట చేతపట్టుకుని హాంబుర్గ్ వచ్చి, పెద్ద వయొలిన్ లాంటి డబుల్ బేస్ వాయించి బతికిన మనిషి. బెథోవెన్ తర్వాత సింఫనీ రాయాలంటే బ్రామ్స్‌కు భయం. ఇరవయ్యేళ్లు అటూ ఇటూ దాన్నే పట్టుకుని ఊగిసలాడాడు. చివరికి 1876 వేసవిలో ర్యూగెన్ ద్వీపంలోని జాస్నిట్స్‌లో, ఇదే బాల్టిక్ ఒడ్డున కూర్చుని దాన్ని ముగింపు దాకా తెచ్చాడు. ఆ నవంబరు 4న కార్ల్స్‌రూహెలో మొదటిసారి వినిపించారు. మొదట్లో టింపనీలనే పెద్ద డోళ్ల దెబ్బలు గుండె మీద పడ్డట్టుంటాయి. నాలుగో భాగంలో ఉన్నట్టుండి హార్న్ అనే ఇత్తడి కొమ్ము ఒక్కటి లేస్తుంది. దాదాపు అరగంట ఆ బరువు మోశాక ఆ హార్న్ వింటే, రాగం పేరు తెలియాల్సిన అవసరం ఏమీ ఉండదు. పొద్దున్న ఆ నీళ్లలో కాళ్లు తడుపుకుని, సాయంత్రం ఆ సంగీతం వినడం మనకు అందుబాటులో ఉన్న సంగతి. ఎందుకు వదులుకోవాలి?

వినే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పి పంపిస్తే చాలు. సింఫనీకి సాధారణంగా నాలుగు భాగాలుంటాయి, మధ్యలో ఆగినప్పుడు చప్పట్లు కొట్టరు, చివర్లో తనివితీరా కొడతారు. ఫోన్ పూర్తిగా ఆపేయాలి, వీడియో తీయకూడదు. తల ఊపడం, వేలితో తాళం వేయడం మనకు అలవాటు, అది చప్పుడు కానంతవరకు ఎవరూ ఏమీ అనరు. బయలుదేరేముందు ఆదివారం ఎవరింట్లోనైనా కలిసి ఆ సింఫనీని ఒకసారి రికార్డులో వింటే మరీ మంచిది. మన పిల్లలు చాలామంది ఇక్కడి మ్యూజిక్ స్కూళ్లలో వయొలిన్, చెల్లో నేర్చుకుంటున్నారు. ఆ రోజు పాఠం వాళ్లచేతే చెప్పించండి. తాతయ్య అమ్మమ్మలకు మనవరాలు ఓబో అంటే ఏమిటో వివరిస్తుంటే ఆ పిల్లకు వచ్చే ధైర్యం ఏ పోటీలో బహుమతి ఇచ్చినా రాదు.

ఇక డబ్బు. ఇక్కడే నా అసలు అభ్యర్థన. విద్యార్థుల టికెట్లు, క్యాంప్‌సైట్ అద్దె సంఘం భరించాలి. లూబెక్‌కే చెందిన పాత సంగతి ఒకటి చెబుతాను. పదిహేడో శతాబ్దం చివర్లో అక్కడి మరియా చర్చిలో డీట్రిఖ్ బుక్స్‌టెహూడె ఆర్గన్ వాయించేవాడు. క్రిస్మస్‌కు ముందు ఆదివారాల్లో సాయంత్రపు కచేరీలు పెట్టేవాడు. లోపలికి రావడానికి ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు, ఖర్చంతా ఊరి వ్యాపారులు పెట్టుకునేవారు. ఆ పేరు ఎంత దూరం పాకిందంటే, 1705లో ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు ఆర్న్‌ష్టాట్ నుంచి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు నడిచి వచ్చాడు. నాలుగు వారాల సెలవు అడిగి, దాదాపు నాలుగు నెలలు ఉండిపోయాడు. అతను తర్వాత ఐరోపా సంగీతంలోనే అతి గొప్ప స్వరకర్తల్లో ఒకడైన యోహాన్ సెబాస్టియన్ బాఖ్. తిరిగి వెళ్లాక పని ఇచ్చినవాళ్ల చేత చీవాట్లు తిన్నాడు. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నది అతని సంగీతంలో వినిపిస్తూనే ఉందని తెలిసినవాళ్లు అంటారు. ఊరి వ్యాపారులు తలుపులు తెరిచి ఉంచబట్టే అక్కడ అంత పేరున్న సంగీతం నిలిచింది.

మనలోనూ రెస్టారెంట్లు నడిపేవాళ్లున్నారు, కిరాణా దుకాణాలున్నాయి, మంచి జీతాలున్న సాఫ్ట్‌వేర్ కుటుంబాలున్నాయి. ముఖ్య అతిథి ప్రయాణానికీ హోటల్‌కూ శాలువాకూ పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే ఇరవై మంది విద్యార్థులు రెండు రోజులు హాయిగా ఉంటారు. దయచేసి దీన్ని ఇంకో స్పాన్సర్ కార్యక్రమంగా మార్చకండి. బ్యానర్ వద్దు, వేదిక వద్దు, టెంటు ముందు రిబ్బన్ కత్తిరించడం అసలే వద్దు. ఎవరికి సంఘం డబ్బు కట్టిందో మిగతావాళ్లకు తెలియనివ్వకండి. ఫీజు కట్టలేక బాధపడుతున్న పిల్లవాడు ఫోటోలో నిలబడి థాంక్స్ చెప్పాల్సిన పరిస్థితి తేకండి.

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ సంఘాలవాళ్లు దూరం అంటారు. నిజమే, రైల్లో దాదాపు ఒక పగలు పోతుంది. అయినా విద్యార్థులు ఊళ్లు చూడ్డానికి అంతకన్నా దూరాలు బస్సుల్లో వెళ్తున్నారు కదా. ఉత్తరాన ఉన్న సంఘాలు ముందుకొచ్చి ఆతిథ్యం ఇస్తే, దక్షిణాన ఉన్నవాళ్లు ఏడాదికొకసారి రావడం అసాధ్యం కాదు. రాజకీయాల వల్లా పదవుల గొడవల వల్లా ఒకే ఊళ్లో రెండు మూడు సంఘాలైపోయాయని అందరికీ తెలుసు. అందరూ కలిసి ఒకే క్యాంప్‌సైట్‌లో చోటు తీసుకుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అక్కడ అధ్యక్షుడి కుర్చీ ఉండదు, గొడవకు కారణమూ ఉండదు.

పనుల వేళాపట్టిక మాత్రం ఆలస్యం చేయకండి. ఉత్సవ కార్యక్రమాలు వసంతకాలానికల్లా బయటికొస్తాయి, మంచి కచేరీల టికెట్లు త్వరగా అయిపోతాయి. పాఠశాలల సెలవులు మొదలైతే తీరంలో టెంట్ చోట్లు దొరకవు. పెద్ద గుంపుకు పక్కపక్కన చోట్లు కావాలంటే శీతాకాలంలోనే ఉత్తరం రాసి అడగాలి. అమ్మానాన్నల వీసా అపాయింట్‌మెంట్లు కూడా అప్పుడే చూసుకుంటే వాళ్ల రాక ఆ వారాంతానికి కలుస్తుంది. కాబట్టి దీపావళి కార్యక్రమం అయిన తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టండి. ఒక్క సంఘం ఒప్పుకున్నా చాలు. క్యాంప్‌సైట్లతో జర్మన్‌లో మాట్లాడటం, టికెట్లు కలిపి బుక్ చేయడం, టెంట్లు లేనివాళ్లకు అరువు తెచ్చిపెట్టడం, సముద్రం దగ్గర పిల్లలను చూసుకోవడానికి ఈత బాగా వచ్చినవాళ్లను సమకూర్చడం మాకు వదిలేయండి. హాంబుర్గ్‌లో ఈ పనికి సిద్ధంగా ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి.

ఇట్లు,
హాంబుర్గ్ నుంచి ఒక సంఘ సభ్యత్వ కుటుంబం తరఫున